కింది తోటలో కొమ్ముపురుగు

మా ఆయన్ని దొంగ అన్నది మా చెల్లెలు. అదీ సెలవు రోజున, మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆయన చేతిలో ముద్ద ఉండగా. పరాయివాళ్ళెవరైనా ఆ మాట అని ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు. సొంత చెల్లెలయ్యేసరికి నోటికి తాళం పడింది. నా నోటికి తాళం పడటమంటే మామూలు సంగతి కాదని మా వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు.

ముందు దాని ఉద్యోగమేమిటో చెప్పాలి. నవ్వేవాళ్ళు నవ్వండి, నేనూ నవ్వినదాన్నే. మా చెల్లెలు పేడపురుగుల్ని లెక్కపెడుతుంది. పెద్ద చదువులు చదివి, పట్నంలో ఏసీ గదిలో కూర్చోవాల్సిన పిల్ల, బురద బూట్లేసుకుని పొద్దున్నే గుంటల చుట్టూ తిరుగుతుంది. ఏ నేల మీద ఎన్ని రకాల పేడపురుగులు ఉన్నాయో చూస్తే ఆ నేలలో ఎంత ప్రాణం మిగిలి ఉందో తెలుస్తుందట. మా ఇంటి పక్కనే కంపెనీ రబ్బరు తోట ఉంది. తోట కింద అడవి ముక్క ఒకటి, తోటకి పైన గొడ్లు మేసే బీడు. అడవిలో, అడవి అంచున, తోటలో, బీడులో, నాలుగు చోట్లా అది ప్లాస్టిక్ డబ్బాలు నేలమట్టానికి పాతింది. డబ్బా మూతికి గరాటు, పైన పుల్లకి వేలాడే ఎర మూట, వాన పడకుండా ఒక ప్లేటు. వాసన పట్టి వచ్చిన పురుగు గరాటులోంచి జారి డబ్బాలో పడుతుంది, మళ్ళీ పైకి రాలేదు. పొద్దున వెళ్ళి ఏవేవి పడ్డాయో రాసుకుని, కొత్త రకమైతే ఒకటి జాడీకి ఉంచుకుని, మిగతావాటిని వదిలేసి వస్తుంది.

ఎర సంగతి చెప్పకుండా దాటేద్దామంటే కుదరదు. చాలా రకాల పేడపురుగులకి మనిషిదంటే మహా ఇష్టమట. నాలుగు చోట్లా ఒకే ఎర ఉండాలి, లేకపోతే ఒకచోటిని ఇంకోచోటితో పోల్చడానికి లేదు. ఒకే ఎర అంటే ఒకే మనిషి, రోజూ ఒకే తిండి తినేవాడు. మా ఆయన పెళ్ళైన దగ్గర్నుంచి ఏది పెడితే అదే, ఏ వేళకి ఆ వేళకే తినే మనిషి. ఇంక వేరే ఎవరినో వెతకడం దేనికి? మా ఇంట్లో దానికి 'సరుకు' అని పేరు పెట్టుకున్నాం. "బావా, రేపటికి సరుకు కావాలి" అని అది గుమ్మంలోంచి అడుగుతుంది. "కంపెనీ జీతమిచ్చి పని చేయించుకుంటుంది, నువ్వు అది కూడా ఇవ్వవు" అని ఆయన గొణుగుతాడు. గొణిగినా ఒక్కరోజూ ఎగ్గొట్టలేదు. మరదలంటే ఆయనకి అంత ఇది. పురుగంటే మాత్రం చచ్చేంత భయం. బొద్దింక కనబడితే మంచమెక్కి కూర్చుంటాడు. సరుకు డబ్బా దాని గది గుమ్మం బయట పెట్టి, లోపలి జాడీల వంక చూడకుండా వెనక్కి తిరుగుతాడు.

ఆ జాడీలే దాని ఆస్తి. గోడకి ఒక బల్ల, బల్ల మీద నాలుగు వరసలు. అడవి వరస గది ఈ మూలనుంచి ఆ మూలదాకా ఉంటుంది. ఆవగింజంతవి, పచ్చగా మెరిసేవి, కొమ్ములున్నవి, జాడీకి ఒక రకం. అంచు వరస అందులో సగం. రబ్బరు తోట వరసలో ఆరో ఏడో జాడీలు. బీడు వరస చూస్తే జాలేస్తుంది. ఎండకి నేల కాలిపోతే వాటి పిల్లలు బతకవు, తిరిగే జంతువులు తగ్గితే వాటికి తిండీ తగ్గుతుంది అని చెబుతుంది. పేడని ఉండచేసి దొర్లించుకుపోయేవి కొన్ని, ఉన్నచోటే కిందికి తవ్వి దాచుకునేవి కొన్ని, అందులోనే కాపురం పెట్టేవి కొన్ని ఉంటాయట. "మూడో రకం మన చిన్న మావయ్యే కదా" అన్నాను నేను. ఎక్కడ తిండి దొరికితే అక్కడే మకాం ఆయనకి.

ఇంతవరకూ నవ్వులాటే. కానీ ఈ లెక్క కోసం కాచుకుని కూర్చున్నవాడు ఒకడున్నాడు, తోట మేనేజరు. కంపెనీకి ఆ అడవి ముక్క కావాలి. తోటలో కూడా అడవిలో ఉన్నన్ని రకాలు ఉన్నాయని తేలిందనుకోండి, అడవి కొట్టి రబ్బరు వేసినా పోయేదేమీ లేదని పైవాళ్ళతో అనవచ్చు. మా ఆయన ఆ తోటలో సూపర్వైజరు. నేను అదే తోటలో ట్రాక్టరు నడుపుతాను, పొద్దున్నే కూలీల్ని ట్రాలీలో ఎక్కించుకుని వరసల దగ్గర దింపుతాను. మేనేజరు ఒకరోజు మా ఆయన్ని పిలిచి, "ఆ పురుగుల అమ్మాయి మీ ఇంట్లోనే ఉందట కదా, లెక్క కాస్త బాగా రావాలి" అన్నాడట. ఈ మహానుభావుడు ఇంటికొచ్చి అది నవ్వుతూ చెప్పాడు. అంతటితో ఊరుకున్నాడా?

"పోనీ అడవిలోవి నాలుగు తెచ్చి నీ తోట డబ్బాల్లో పడేయనా మరదలా? ఆయనా సంతోషిస్తాడు" అన్నాడు.

అందరం నవ్వాం. అది కూడా నవ్వింది.

సెలవు రోజున అది కింది తోటనుంచి వచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది. కింది తోట అంటే అడవిని ఆనుకుని ఉన్న ముక్క. ముసలి చెట్లు కొట్టేసి కొత్త మొక్కలు పెట్టారు, నేల కనబడకుండా మోకాలెత్తు తీగ అల్లించారు. పాలు తీసే వయసు చెట్లకి రాలేదు కాబట్టి అటు పనీ లేదు, పోయేవాళ్ళూ లేరు. పోయేది ఇదొక్కతే. దాని చేతిలో మూత బిగించిన డబ్బా ఉంది. లోపల ఏదో గోళ్ళతో గీకుతున్న చప్పుడు. చెయ్యి కడుక్కుని మాతో కూర్చుంది, కానీ అన్నం ముట్టుకోలేదు.

"బావా, కింది తోటలోకి ఎవరెవరు వెళ్తున్నారు?"

"ఎవరూ వెళ్ళరు. అక్కడేముంది?"

"ఎవరూ వెళ్ళకపోతే తీగంతా ఎవరు తొక్కారు? నా ప్లేట్లు నుజ్జు చేశారు. ఎర పుల్ల విరిచారు."

"గొడ్లు దిగాయేమో."

"గొడ్లు నా డబ్బాలో పురుగులు కూడా పోసి పోతాయా?"

చేతిలో డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. తడిమట్టిలోంచి ఒకటి పైకి లేచింది. కోడిగుడ్డంత ఉంది, నల్లగా, నెత్తిన కొమ్ముతో. మా ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఇది అడవి లోపల లోయలో తప్ప ఉండదు. అక్కడ కూడా ఇన్నాళ్ళకి నాకు ఒక్కటే దొరికింది. వానలకి నాలుగు రోజులు అటు వెళ్ళలేకపోయాను. అంతకుముందు కింది తోట డబ్బాల్లో చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. ఇవాళ అడవిలో ఉన్న రకాలు సగం అక్కడే ఉన్నాయి. వాటంతటవి నడిచొచ్చాయా? ఎవరో తెచ్చి పోశారు."

"ఎవరో అంటే?"

"నా డబ్బాలు ఎక్కడెక్కడ పాతానో తెలిసినవాళ్ళు. మేనేజరు ఎవరి చెవిలో వేశాడో వాళ్ళు."

ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "నేనంటావా?"

"నాలుగు తెచ్చి పడేస్తానని నువ్వే కదా అన్నావు."

"నవ్వులాటకి అన్నాను. బొద్దింకకి మంచమెక్కేవాణ్ణి, దీన్ని పట్టుకుంటానా?"

"నువ్వే పట్టుకోవాలా? చెబితే చేసేవాళ్ళు లేరా నీ కింద? గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకుంటున్నావు చూడు."

"తడుముకోక ఏం చెయ్యను? కాయ తెచ్చి నా భుజం మీదే పెట్టావు కదా."

ఆ మాట మామూలుగానే అన్నాడు కానీ గొంతు తేడాగా ఉంది. మా చెల్లెల్ని వదిలేసి నా వైపు తిరిగాడు. నేను మజ్జిగ గిన్నె పట్టుకుని ఉన్నాను. గిన్నె పట్టుకునే ఉన్నాను. మేనేజరు పిలిచిన మాట నిజం, ఈయన అన్న మాట నిజం, డబ్బాలో ఆ నల్లటిది గీకుతున్నదీ నిజం.

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. "ఒకసారి వచ్చినవాడు మళ్ళీ వస్తాడు. చీకటిపడేదాకా అక్కడే కూర్చుంటాను. దొరికితే చెవి పట్టుకుని తీసుకొస్తా. దొరక్కపోతే దొంగని నేనే అని రాసుకో."

వానకోటు, టార్చిలైటు, కూర్చోడానికి రబ్బరుపాల బకెట్టు ఒకటి పట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళొద్దని నేనూ అనలేదు, తొందరగా రమ్మని కూడా అనలేదు.

సాయంత్రందాకా నేను గిన్నెల మీద చూపించాను నా కోపం. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా, మా ఇంట్లో అత్తలేని లోటు తీర్చడానికి చెల్లెలుంది. గిన్నెలు అయిపోయాక ఇంక ఆగలేక దాని గదిలోకి వెళ్ళాను. అది బల్ల దీపం కింద ఆ కొమ్ముపురుగుని వెల్లకిలా పట్టుకుని, చిన్న కుంచెతో మట్టి దులుపుతోంది, ఫొటో తియ్యడానికి.

"రోజూ ఆ మనిషిని గుమ్మంలో నిలబెట్టి సరుకు అడిగేటప్పుడు లేదా నీకు ఈ అనుమానం? జారిన మాట మళ్ళీ వెనక్కి తీసుకోగలవా? రేపు ఏ ముఖం పెట్టుకుని బావా అని పిలుస్తావ్?"

అది పురుగుని ఇంకో పక్కకి తిప్పి మళ్ళీ దులిపింది.

"నీతోనే మాట్లాడుతున్నా."

"అక్కా, దీపం కాస్త ఇటు తిప్పు."

తిప్పాను. తిప్పక ఏం చేస్తాను, చిన్నప్పటినుంచీ అదే అలవాటు. పట్టకారుతో పురుగు వెనక కాలి ముళ్ళ మధ్యనుంచి ఏదో లాగింది. తెల్లకాగితం మీద పెట్టింది. ఇంకో కాలినుంచి ఇంకొంచెం. పీచు, పసుపుపచ్చగా, కొన్ని పోగులు వేలెడు పొడుగున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇది బావది కాదు" అంది.

అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. కానీ దాని ముఖం చూసి నవ్వు ఆగిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఎవరైనా నా అడవి డబ్బాలోంచి దీన్ని తీసి కింది తోటలో వేసి ఉంటే, కాళ్ళకి నా ఎర ఉండాలి అక్కా. ఇది నేరుగా వేరే పేడలోంచి వచ్చింది. ఆవుది కాదు, ఆవు నెమరేసి మెత్తగా చేస్తుంది. చెట్టు పట్ట పీకి, సగం నమిలి, అరక్కుండానే వదిలేది ఒక్కటే ఉంది."

"ఏంటది?"

"ఈ కొమ్ముది ఏనుగు పేడ ఉన్నచోటే బతుకుతుంది. ఏనుగు తోటలోకొచ్చింది కాబట్టి దాని వెనకాల ఇవన్నీ వచ్చాయి. తీగ తొక్కింది మనుషులు కాదు. ప్లేట్లు నుజ్జు చేసింది మనుషులు కాదు." పట్టకారు కింద పెట్టేసింది. "అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయక్కా. నేను దొంగ కోసం చూశాను."

అడవిలో లోయ అవతల ఒంటరి మగ ఏనుగు ఒకటి తిరుగుతోందని కూలీలు అనుకోవడం నేనూ విన్నాను. తోటకీ అడవికీ మధ్య కంపెనీ తవ్వించిన కందకం ఉందని ఎవరూ పట్టించుకోలేదు. వారంగా వానలు. కందకం గట్లు వానకి కూలితే ఎవరు చూశారు? అటు వెళ్ళేవాళ్ళే లేరు.

"ఇప్పుడక్కడ ఉందంటావా?"

"ఇన్ని రకాలు ఒక్కపూటలో రావు. అది రోజూ ఉంటోంది. పగలంతా కందకం దగ్గర పొదల్లో పడి ఉండి, పొద్దు వాలాక మేతకి లేస్తుంది."

కిటికీలోంచి చూశాను. పొద్దు వాలింది.

ఫోను తీసి ఆయన నంబరు నొక్కబోయాను. అది నా చేతిలోంచి ఫోను లాగేసుకుంది.

"మోగించకు. దాని పక్కన ఉండగా మోగితే?"

అంతవరకూ నా బుర్రలో ఏనుగు ఒకచోట, ఆయన ఒకచోట ఉన్నారు. గేటు కాపలావాడికి మాత్రం అది ఫోను చేసి చెప్పింది. అడవి శాఖవాళ్ళని పిలుస్తానన్నాడు వాడు. వాళ్ళు కొండ అవతలనుంచి రావాలి. అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చునే ఓపిక నాకు లేదు.

ట్రాలీ విప్పి ట్రాక్టరు తీశాను. అది మడ్‌గార్డు మీద కూర్చుని ఏడుస్తోంది. ఏడుపు మానమని తిట్టాను. మానలేదు, నేనూ మళ్ళీ తిట్టలేదు. పెద్ద చెట్ల వరసల మధ్యనుంచి ఎప్పుడూ పోనంత వేగంగా పోయాను. కింది తోటకి దిగే వాలు మొదట్లో ఇంజను ఆపేసి, గేరు తీసి, బ్రేకు మీద కాలుంచి చప్పుడు లేకుండా దొర్లించాను. అడుగున బండి ఆగింది. అక్కడినుంచి నడక.

తీగ మోకాళ్ళకి చుట్టుకుంటోంది. ఒక్కో అడుగూ ఎత్తి పెట్టాలి. వాన వెలిసి ఆకులు కారుతున్నాయి, ఆ చప్పుడు మా చప్పుడుని కాస్త కప్పింది. మొక్కల వరస చివర ఆయన కనిపించాడు. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద, ముఖం కందకం వైపు. క్షేమంగా ఉన్నాడు. నాకు ఒక్కసారిగా ఊపిరి వచ్చి, పిలవబోయాను.

మా చెల్లెలు నా నోరు మూసేసింది.

ఆయనకి అవతల, ఇంటి ముందు వాకిలంత దూరంలో, మట్టి గట్టు ఒకటి ఉందనుకున్నాను. గట్టు చెవి ఊపింది.

తీగని తొండంతో చుట్టి, కాలితో వేళ్ళు తొక్కి పెట్టి, పీకి, నోట్లో పెట్టుకుంటోంది. తీరిగ్గా. దంతాలకి మట్టి. ఆయన దాన్ని చూశాడని, ఎంతోసేపటినుంచి చూస్తూనే ఉన్నాడని, కదిలితే తెలుస్తుందని కదలడం లేదని ఆయన వీపు చూస్తే అర్థమైంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. గాలి అటునుంచి ఇటు వస్తోంది కాబట్టి ఆ జంతువుకి ఇంకా మనిషి వాసన తగల్లేదు. గాలి ఎంతసేపు అలా ఉంటుందో ఎవరు చెప్పగలరు?

"ట్రాక్టరు స్టార్టు చేస్తా. చప్పుడుకి పారిపోతుంది" అన్నాను మా చెల్లెలి చెవిలో.

"ఇటే వస్తే? మధ్యలో బావ ఉన్నాడు."

"మరి చూస్తూ నిలబడమంటావా?"

"నాకు తెలీదక్కా."

"మధ్యాహ్నం అన్నీ తెలుసన్నట్టు మాట్లాడావు కదా."

అది తల దించుకుంది. అంత దగ్గర్లో చావు నిలబడి ఉన్నా నా నోరు ఊరుకోలేదు. కానీ అది చెప్పిందే నిజం, దానికి పురుగులు తెలుసు, నాకు ట్రాక్టరు తెలుసు, ఏనుగు మాకిద్దరికీ తెలీదు. కదలకుండా నిలబడ్డాం.

మా గుసగుసలు ఆయనకి వినిపించాయేమో. తల తిప్పలేదు. మోకాలి మీదున్న చెయ్యి మెల్లగా కిందికి జార్చి, నేల వైపు రెండు వేళ్ళు ఊపాడు. వెనక్కి పొమ్మని. నాకు ఆ క్షణం ఆయన మీద వచ్చినంత కోపం ఇంతకుముందెప్పుడూ రాలేదు. నేను ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

ఏనుగు కాస్త పక్కకి తిరిగింది. తోక ఎత్తింది. ధబ్బు ధబ్బుమని నాలుగైదు ముద్దలు తీగ మీద పడ్డాయి. ఆ వేడి వాసన మా దాకా వచ్చింది. కాసేపటికే అడవి వైపునుంచి ఏదో బరువుగా గుయ్యిమంటూ నా చెవి పక్కనుంచి పోయింది. ఇంకొకటి. ఆ తర్వాత లెక్కలేదు. చిన్నవి సన్నగా, పెద్దవి మోటుగా, కందకం మీదుగా వచ్చి తీగలో పడుతున్నాయి, మొక్కలకి గుద్దుకుంటున్నాయి, లేచి మళ్ళీ ఎగురుతున్నాయి. మా చెల్లెలి పెదవులు కదులుతున్నాయి. ఇప్పుడు కూడా రకాలు లెక్కపెడుతోందా అని ఒళ్ళు మండి దాని జబ్బ గిల్లాను. లెక్క కాదు. "కదలకు బావా, కదలకు బావా" అంటోంది.

ఎందుకంటోందో అప్పుడు చూశాను. కొమ్ముది ఒకటి, మధ్యాహ్నం బల్ల మీద లేచినంతది, గురితప్పి వచ్చి ఆయన ఛాతీకి కొట్టుకుంది. కింద పడలేదు. చొక్కా పట్టుకుంది. ముళ్ళ కాళ్ళతో ఒక్కో అడుగూ వేస్తూ పైకి పాకింది, గుండీలు దాటి, కాలరు ఎక్కి, మెడ మీదికి. మనుషులు దాన్ని పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి తోసుకుని పోతుందని, అంత బలమని మా చెల్లెలు ఎప్పుడో చెప్పింది. అది ఆయన చెవి కింద ఆగి, అక్కడే తవ్వడం మొదలుపెట్టింది.

ఆయన భుజం ఒక్కసారి వణికింది.

ఏనుగు నమలడం ఆపేసింది. తొండం ఎత్తి గాల్లో ఇటూ అటూ తిప్పింది. రెండడుగులు ముందుకు వేసింది. ఎంత పెద్దదైనా ఆ అడుగుల చప్పుడే లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంకో అడుగు. తొండం కొస ఆయన పక్కన డబ్బా మీద విరగకుండా మిగిలిన పుల్ల దగ్గరికి వచ్చింది, ఎర మూట దగ్గరికి. మూటని తాకింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మెడ మీద నల్లటి పురుగు, దాని కింద సన్నగా నెత్తురు. ఆ మనిషి ఊపిరి కూడా తీస్తున్నట్టు లేడు. నేను మనసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచాను, పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడూ పిలవనిది. మళ్ళీ మళ్ళీ పిలిచాను.

ఏనుగు బుస్సుమని ఊది తొండం వెనక్కి లాక్కుంది. చెవులు ఒకసారి టపటపా కొట్టుకుని, తిరిగి, కూలిన గట్టు మీదినుంచి కందకంలోకి దిగింది. అవతల ఎక్కింది. అడవి ఆకులు కాసేపు ఊగి ఆగిపోయాయి.

ఆయన లేవలేదు. మేమే తీగలో పడుతూ లేస్తూ పరిగెత్తాం. దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళు తెరిచి, చెయ్యెత్తి, మెడ మీదున్నదాన్ని పిడికిట్లో పట్టుకుని పీకాడు. చర్మం చీరుకుపోయింది. ఆ పిడికిలి మా చెల్లెలి ముందు చాపాడు.

"ఇదిగో నీ దొంగ. పట్టుకొస్తానన్నాను కదా."

అది పురుగుని తీసుకోలేదు. తీగలో మోకాళ్ళ మీద కూలబడి, ఆయన మోకాళ్ళు పట్టుకుని, "నన్ను కొట్టు బావా, నాలుగు తగిలించు" అని ఏడ్చింది.

"ముందు దీన్ని తీసుకోవే తల్లీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

అది రెండు చేతులూ పట్టింది. ఆయన వేళ్ళు విప్పడానికి నేను సాయం చెయ్యాల్సి వచ్చింది, అంత బిగుసుకుపోయాయి. "మేనేజరుకి కావాల్సినన్ని రకాలు దొరికాయి కదా" అన్నాడు దాని తల నిమురుతూ. అది ఏడుస్తూనే కాదని తల ఊపింది. ఇవి తోటవి కావు, ఏనుగువి అంది. అడవి పోతే ఏనుగు రాదు, ఏనుగు రాకపోతే ఇవీ రావు, అలాగే రాస్తానంది. దాన్ని అలా ఏడవనిచ్చి, అది కొంచెం తేరుకున్నాక, లే లే, ఆ ఏనుగు మళ్ళీ వస్తే ఈసారి నేను కూర్చోను అన్నాడు. మరదలి మీద ఆయనకి కోపమేమీ లేదని తెలుస్తూనే ఉంది. నాకు గుండె తేలికైంది.

ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి వెలుతురు తగ్గిపోతోంది. మా చెల్లెలు నేలలోంచి పీకిన ఒక డబ్బాలో పురుగుని వేసి, అది ఒళ్ళో పెట్టుకుని ఒక మడ్‌గార్డు మీద కూర్చుంది, ఆయన ఇంకో పక్క, నా భుజానికి ఆనుకుని. నా కొంగు చింపి ఆయన మెడకి అదిమి పెట్టాను. భయం పోయింది కాబట్టి నా నోరు నాకు తిరిగొచ్చింది.

"చిన్నపిల్ల ఏదో నోటికొచ్చింది అంటే ఇంత పౌరుషమా మీకు? అది అన్నంత మాత్రాన ప్రాణాల మీదికి తెచ్చుకుంటారా?"

"అది అన్నందుకు కాదు" అన్నాడు ఆయన. మెల్లగానే, నా ఒక్కదానికే వినబడేలా. "అది అంటుంటే నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. అందుకు వెళ్ళాను."

ఇంజను చప్పుడులో నాకు వినబడలేదని అనుకుందామనుకున్నాను. కానీ నేను ఇంజను ఇంకా స్టార్టు చెయ్యనే లేదు.